వార్డులో రోగి పరిస్థితి విషమిస్తున్నప్పుడు: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: (సూరత్‌లోని లింబాయత్‌లో మరమగ్గాల పనిచేసే ఒక తెలుగు కుటుంబం నుంచి) జ్వరంతో ఆసుపత్రిలో చేరిన ఇంటిపెద్ద రాత్రి మాట్లాడుతూనే గంజి తాగి పడుకొని, తెల్లవారేసరికి ఐసీయూ పాలయ్యాడు. ఏ సూచనా లేకుండా ఇంత హఠాత్తుగా జరుగుతుందా?

జవాబు: గుండె లయ ఒక్కసారిగా తప్పడం, రక్తపు గడ్డ ఊపిరితిత్తుల నాళానికి అడ్డుపడటం వంటి సందర్భాల్లో జరుగుతుంది. అయితే వార్డులో ఉన్న రోగులలో అధికశాతం మందికి విషమస్థితి రావడానికి కొన్ని గంటల ముందే శరీరం హెచ్చరికలు ఇస్తుంది; వాటిలో తరచుగా ముందు కనిపించేదీ, అన్నిటికన్నా ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేదీ శ్వాస వేగం. పెద్దవారిలో నిమిషానికి 12 నుంచి 20 సార్లు సాగే శ్వాస 25కు చేరిందంటే, రక్తపోటు మామూలుగానే ఉన్నప్పటికీ, వైద్యుడు వెంటనే వచ్చి చూడవలసిందే. కణజాలానికి ప్రాణవాయువు చాలనప్పుడు రక్తంలో ఆమ్లం పేరుకుంటుంది, దాన్ని తగ్గించుకోవడానికి మెదడు శ్వాసను వేగిరపరుస్తుంది. అదే సమయంలో గుండె వడిగా కొట్టుకోవడం, చర్మంలోని రక్తనాళాలు ముడుచుకోవడం వల్ల రక్తపోటు కొంతసేపు నిలబడుతుంది. కాబట్టి, ముఖ్యంగా వయసులో ఉన్నవారిలో, రక్తపోటు పడిపోయే వేళకు విలువైన సమయం చేజారిపోయి ఉంటుంది. ‘బీపీ బాగానే ఉంది’ అన్న మాటతో ఊరడిల్లడం ప్రమాదకరమనడానికి కారణం ఇదే.

బ్రిటన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2012లో రూపొందించి 2017లో సవరించిన హెచ్చరిక పట్టికలో శ్వాస, ఆక్సిజన్ శాతం, నాడి, రక్తపోటు, ఉష్ణోగ్రత, స్పృహ మొదలైన వాటికి మార్కులు వేస్తారు. మొత్తం 5కు చేరితే తక్షణ పరీక్ష, 7కు చేరితే అత్యవసర చికిత్సలో ఆరితేరిన బృందం అవసరమని దాని నిర్దేశం. ఛాతీ లేచి పడటాన్ని రోగికి తెలియనీయకుండా నిండు నిమిషం లెక్కపెట్టడానికి పరికరం అక్కర్లేదు, ఖర్చు లేదు. కిక్కిరిసిన వార్డులో నర్సుకు ఆ తీరిక దొరకని రోజున మంచం పక్కనున్న బంధువు ఆ పని చేసి, వచ్చిన అంకెను గంట గంటకూ కాగితం మీద రాసి ఉంచితే అది వైద్యుడికి ఎంతో విలువైన సమాచారం అవుతుంది.

ప్రశ్న: పిలవగానే వచ్చిన డాక్టరు, జబ్బేమిటో తేలకుండానే ఆక్సిజన్, సెలైన్ పెట్టేయడం సరైన పద్ధతేనా?

జవాబు: సరైనదే, ఎందుకంటే విషమించిన రోగి దగ్గర రోగ నిర్ధారణకన్నా ముందు ప్రాణం నిలపడం ముఖ్యం. వైద్యులు పాటించే క్రమంలో మొదటిది శ్వాసమార్గం: రోగి స్పష్టంగా మాట్లాడుతుంటే అది తెరిచి ఉన్నట్టే, గొంతులో గురగురమంటే స్రావాన్ని తొలగించి, దవడను ముందుకు ఎత్తిపట్టాలి. తర్వాత శ్వాస: ఆక్సిజన్ శాతాన్ని 94 నుంచి 98 మధ్య ఉంచడం సాధారణ లక్ష్యం, పొగ వల్లనో ధూళి వల్లనో ఊపిరితిత్తులు దీర్ఘకాలంగా దెబ్బతిని, ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పేరుకునే అవకాశం ఉన్నవారికి మాత్రం 88 నుంచి 92 చాలు, అంతకుమించి ఇస్తే ఆ వాయువు మరింత పెరిగి రోగి మగతలోకి జారవచ్చు. మూడవది రక్తప్రసరణ: రొమ్ము ఎముక మీద వేలితో 5 సెకన్లు నొక్కి వదిలినప్పుడు పాలిపోయిన చోటికి 2 సెకన్లలోపు రంగు తిరిగి రాకపోతే చర్మానికి రక్తం సరిగా అందడం లేదని అనుమానించాలి. ఆపైన స్పృహ, దానితోపాటు తప్పనిసరిగా రక్తంలో చక్కెర. మధుమేహానికి మందులు వాడుతూ అన్నం తినని రోగి మగతను నిద్రగా పొరబడటం సామాన్యంగా జరిగే పొరపాటు. చివరగా, దుప్పటి తొలగించి ఒళ్లంతా చూడటం. ఒక దశలో కనిపించిన లోపాన్ని సరిదిద్దుతూనే తర్వాతి దశకు వెళ్లి, ప్రతి చికిత్స తర్వాతా మళ్లీ మొదటి నుంచి పరీక్షించాలి.

నిర్ధారణ కోసం ఆగకూడదన్న సూత్రం ఈ నగరానికి కొత్త కాదు. 1994 సెప్టెంబరులో ఊపిరితిత్తుల ప్లేగు భయంతో లక్షలాది మంది సూరత్ విడిచిపోతున్నప్పుడు, న్యూ సివిల్ ఆసుపత్రిలో లక్షణాలను బట్టే టెట్రాసైక్లిన్ మొదలుపెట్టారు. ఆ వ్యాధిలో లక్షణాలు కనబడిన 24 గంటల లోపల మందు పడకపోతే బతికే అవకాశం బాగా సన్నగిల్లుతుంది.

ప్రశ్న: వానాకాలపు జ్వరాల్లో దేని గురించి ఎక్కువ జాగ్రత్తపడాలి?

జవాబు: సూరత్, నవ్‌సారీ, వల్సాడ్ జిల్లాల వరి, చెరకు పొలాల్లో పనిచేసేవారికి లెప్టోస్పైరోసిస్ ముప్పు ఎక్కువ. ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటి నుంచి, చర్మం మీది గాయాల ద్వారా సూక్ష్మజీవి ప్రవేశించే ఈ వ్యాధిలో పిక్కల నొప్పి, కళ్లెర్రబడటం కనిపిస్తాయి. ముదిరితే కామెర్లు వస్తాయి, మూత్రపిండాలు దెబ్బతింటాయి, కొందరిలో ఊపిరితిత్తుల్లోనే రక్తస్రావం జరుగుతుంది. రోగి వరద నీటిలోనో బురదలోనో నడిచి ఉంటే ఆ సంగతిని అడగకముందే వైద్యుడికి చెప్పడం అత్యవసరం, ఎందుకంటే పెన్సిలిన్, డాక్సీసైక్లిన్ వంటి మందులు తొలి దశలోనే బాగా పనిచేస్తాయి.

డెంగీలో పరిస్థితి తిరగబడుతుంది: జ్వరం తగ్గిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకునే రోజునే రక్తనాళాల నుంచి ద్రవం కారిపోవడం మొదలుకావచ్చు. కడుపునొప్పి, ఆగని వాంతులు, మూత్రం తగ్గడం, చేతులు చల్లబడటం ఆ దశను సూచిస్తాయి. ప్లేట్‌లెట్ల సంఖ్య ఒక్కటే పట్టుకొని కూర్చోకుండా, రక్తం చిక్కబడుతోందో లేదో చెప్పే హెమటోక్రిట్ ఎంతుందో కూడా అడగాలి.

ప్రశ్న: మగతగా ఉన్న రోగికి చెంచాతో నీళ్లు పోయవచ్చా?

జవాబు: పోయకూడదు. మింగే శక్తి తగ్గినప్పుడు అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ప్రశ్న: గుజరాతీ రాని బంధువులు రాత్రిపూట నర్సును పదేపదే పిలిస్తే విసుక్కుంటారేమో?

జవాబు: విసుక్కున్నా పిలవాలి. రోగి మామూలుగా ఎలా ఉంటాడో ఇంటివారికి తెలిసినట్టు మరెవరికీ తెలియదు, అందుకే ఇంగ్లండ్‌లో 2024లో మొదలైన మార్తా నియమం కింద, చికిత్స బృందం పట్టించుకోలేదనిపిస్తే మరో బృందం చేత వెంటనే చూపించమని కోరే అవకాశాన్ని కుటుంబానికే కల్పించారు. ఇక్కడ అటువంటి ఏర్పాటు లేని ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరును నేరుగా అడగడం మేలు. ‘బాగోలేదు’ అనడం కన్నా, ‘రెండు గంటల క్రితం శ్వాస 18 ఉండేది, ఇప్పుడు 28 ఉంది, సాయంత్రం నుంచి మూత్రం రాలేదు, మనిషిని గుర్తుపట్టడం లేదు’ అని అంకెలతో, హిందీలోనైనా చెబితే డాక్టరు కదిలే అవకాశం ఎక్కువ.