ఎలుకలు చెప్పిన జబ్బు సంగతి

ఎలుక అంటే మనకు కోపం. స్టోరు రూములో బియ్యం మూటలు కొరికేది అదే, నా కొత్త లంగా కొరికిందీ అదే. కానీ సైన్సు మేడం చెప్పింది విన్నాక దాని మీద నాకు జాలి కలిగింది.

మన ఒంట్లో పనులు చేసేవి ఎంజైములు. వాటిలో ఒకటి అడినోసిన్ డీఅమినేజ్. నోరు తిరగదు, ఏడీఏ అందాం. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1929లో ఫిస్కేతో కలిసి ఏటీపీ గురించి ప్రకటించారు కదా, అందులో 'ఏ' అంటే అడినోసినే. కణాలు చచ్చినప్పుడు అడినోసిన్, దాని చెల్లెలు లాంటి డీఆక్సీ అడినోసిన్ మిగులుతాయి. వాటిని మార్చేది ఏడీఏ. అది లేకపోతే ఆ సరుకు పేరుకుని లింఫోసైట్లనే తెల్లకణాలను చంపుతుంది. ఇక రోగాలతో పోట్లాడేవాళ్ళే ఉండరు. బిడ్డకు దగ్గు, విరేచనాలు, నోటిపూత ఏదీ తగ్గదు. ఈ లోపాన్ని 1972లో ఇలోయిస్ గిబ్లెట్ అనే ఆమె కనిపెట్టింది.

మా పిన్ని కొడుకు ఏడు నెలలకే పోయాడు. నోట్లో తెల్లపూత, ఆగని దగ్గు. తండాలో దిష్టి అన్నారు. వాడికి ఇదే జబ్బని నేను అనను, ఎవరూ రక్తం చూడలేదు. కానీ పిన్నిది మేనరికం. అమ్మ నుండి ఒకటి, నాన్న నుండి ఒకటి చెడ్డ జన్యువు వస్తేనే ఈ జబ్బు వస్తుందట. మేనరికంలో ఇద్దరికీ ఒకే తాత నుండి అది వచ్చే వీలు ఎక్కువ.

బిడ్డల మీద ప్రయోగం చేయకూడదు. అందుకే 1995లో అమెరికాలో, నెదర్లాండ్స్‌లో ఏడీఏ జన్యువు తీసేసిన ఎలుకలను పుట్టించారు. అవి కాన్పు సమయానికే కాలేయం చెడి చచ్చాయి. మనుషుల బిడ్డలు అలా చావరు! ఎలుకకు మాయలో ఏడీఏ తప్పనిసరి అని అప్పుడు తెలిసింది. తర్వాత మాయలో మాత్రం ఆ జన్యువు పెట్టారు. పిల్లలు బతికి పుట్టాయి, వాటికి లింఫోసైట్లు బాగా తక్కువ, మూడు వారాలకు ఊపిరాడక పోయాయి. ఎంజైమ్ సూది వేస్తే ఊపిరితిత్తులు బాగుపడ్డాయి. ఎన్ని ఎలుకలు చచ్చాయో అని నేను అడిగాను. మేడం కాసేపు మాట్లాడలేదు.

ఆ సూది బిడ్డలకు 1990 నుండే అమెరికాలో ఉంది, మొదట ఆవు పేగుల నుండి తీసేవారు. అదే ఏడాది సెప్టెంబరు 14న నాలుగేళ్ళ పాపకు మంచి జన్యువు పెట్టిన తన కణాలనే తిరిగి ఎక్కించారు.

పిన్నికి మళ్ళీ ఏడో నెల. బిడ్డ పుట్టగానే లింఫోసైట్ల లెక్క చూపించమని, అది మామూలు రక్తపరీక్షలోనే తెలుస్తుందని ఆదివారం యాడికి చెప్పాను. "ఏం లెక్క?" అంది. చీటీ మీద పెద్ద అక్షరాలతో రాసి పంపుతున్నాను.

— 9వ తరగతి విద్యార్థిని