నిద్రమందుల వ్యసనము – గుర్తులు, చికిత్స

వ్యసనమన్న మాట వినగానే సారాయియు, గంజాయియు, నల్లమందును మన తలంపునకు వచ్చును. వైద్యుడు వ్రాసి యిచ్చిన చిన్న మాత్రకును మనుష్యుడు బానిస కాగలడని పెక్కుమంది యెరుగరు. నిద్ర పట్టుటకును, గుండెదడయు భయమును తగ్గుటకును వాడు మందులలో కొన్ని యట్టివి. ఆ వ్యసనమును గుర్తించు విధమును, మాన్పించు విధమును విద్యార్థులును, వారి తలిదండ్రులును తెలిసికొనుట అవసరము. ఏలయన, ఈ విషయమున మేలుకోరి తొందరపడి చేసిన పనియు ప్రాణాపాయము తేవచ్చును.

ఈ మందుల పుట్టుక

1869వ సంవత్సరమున క్లోరల్ హైడ్రేటును, 1903లో బార్బిటాలును నిద్రమందులుగా వైద్యమునందు ప్రవేశించినవి. అవి నిద్ర గొలుపుట నిజమే గాని, మోతాదు మించినచో ఊపిరి నిలిచి ప్రాణము పోవుచుండెను. 1955లో లియో స్టెర్న్‌బాక్ అను రసాయనశాస్త్రజ్ఞుడు క్లోర్‌డయజిపాక్సైడు అను క్రొత్త మందును కనుగొనెను. అది 1960లో లిబ్రియము అను పేరను, దాని జాతికే చెందిన డయజిపాము 1963లో వేలియము అను పేరను అమ్మకమునకు వచ్చినవి. ఆల్ప్రజోలాము అటుతరువాత వచ్చినది. ఇవి ప్రాతమందులకంటె అపాయము తక్కువైనవి గనుక వైద్యులు ధారాళముగా వ్రాసి యిచ్చిరి.

అయినను హెచ్చరిక ముందే వచ్చినది. 1961లో అమెరికా దేశమున హోలిస్టరు మొదలగు వైద్యులు, క్లోర్‌డయజిపాక్సైడును పెద్ద మోతాదులలో పుచ్చుకొనుచున్న 11 మందికి ఆ మందును ఒక్కమారుగా నిలిపి చూచిరి. వారిలో 10 మందికి బాధలు కలిగినవి; ఇద్దరికి మూర్ఛలు వచ్చినవి.

మెదడులో జరుగునది

మన మెదడులో గాబా అను పదార్థము కలదు. గుఱ్ఱమునకు కళ్లెమెట్టిదో, నరముల వేగమునకు గాబా అట్టిది. ఈ మందులు ఆ కళ్లెమును మఱింత బిగించును. కొన్ని వారములు గడచునప్పటికి మెదడు ఆ బిగువునకు అలవాటుపడి, తన స్వంతపు పట్టును సడలించుకొనును. కావున మునుపటి మోతాదు చాలదు. అట్టి స్థితిలో మందు హఠాత్తుగా లేకపోయినచో కళ్లెము తెగిన గుఱ్ఱమువలె నరములు చెలరేగును. వణకు, చెమట, దడ, నిద్రలేమి, మతిభ్రమణము, మూర్ఛ – ఇవి యన్నియు దాని ఫలములే.

ఇందుకు దూరదేశముల నిదర్శనము లక్కరలేదు. తెలంగాణమున కొందఱు వర్తకులు కల్లులో క్లోరల్ హైడ్రేటు, డయజిపాము, ఆల్ప్రజోలాము వంటివానిని కలిపి అమ్ముట పలుమార్లు బయటపడినది. 2015లో నిజామాబాదు, మహబూబునగరు జిల్లాలలో అధికారులు ఆ కల్తీని అరికట్టగా, దాని కలవాటుపడిన పేదజనులు పెక్కుమంది వణకుతోను, పిచ్చిచూపులతోను, మూర్ఛలతోను ఆసుపత్రులకు చేరిరి. తాము మందునకు బానిసలైతిమని వారిలో ననేకులకు తెలియనే తెలియదు. కల్లు త్రాగుచున్నామనియే వారి నమ్మకము. కల్తీని ఆపుట న్యాయమే; కాని దానితోపాటు చికిత్సయు సిద్ధముగా నుండవలయునని ఆ సంఘటన నేర్పినది.

గుర్తులు

1. మొదటి మోతాదు చాలక, మాత్రల సంఖ్య పెరుగుచుండుట.
2. ఒక వైద్యునికి తెలియకుండ మఱియొక వైద్యునికడకు పోవుట, చీటి లేకయే దుకాణములలో కొనుట, మాత్రలను దాచుట.
3. పగటివేళ మగత, మాట తడబాటు, నడకలో తూలుట, మతిమఱపు. వృద్ధులు తఱచుగా పడి యెముకలు విఱుగగొట్టుకొనుట.
4. ఒకపూట మందు తప్పినంతనే వణకు, చెమట, చిరాకు, దడ కలుగుట.
5. చదువు, పని, కుటుంబము వీనియందు శ్రద్ధ తగ్గుట.

ఇచట నొక భేదమును గమనింపవలయును. వైద్యుడు చెప్పిన ప్రకారమే చాలకాలము మందు వాడినవారికిని, మానినపుడు బాధలు కలుగవచ్చును. అది శరీరపు అలవాటే గాని శీలలోపము కాదు. అట్టివారిని నిందించుట అన్యాయము.

చికిత్స

మొదటి సూత్రమేమనగా, మందును తటాలున మాన్పరాదు. మాత్రలను లాగికొని పాఱవేయుటయు, రోగిని గదిలో నిర్బంధించుటయు మూర్ఛలకు దారితీయును. వైద్యుని పర్యవేక్షణలో మోతాదును కొంచెము కొంచెముగా తగ్గింపవలయును. 2 మొదలు 4 వారముల కొకమారు నూటికి 5 మొదలు 10 వంతులు తగ్గించుట నేటి పద్ధతి. రోగికి బాధ హెచ్చినచో కొన్నాళ్లు ఆగవలయును. ఆల్ప్రజోలాము శరీరమునుండి త్వరగా పోవును, డయజిపాము నెమ్మదిగా పోవును. కావున కొందఱు రోగులను మొదట డయజిపామునకు మార్చి, తరువాత తగ్గింతురు. ఇంగ్లండునందలి న్యూకాజిలు పట్టణమున హెదరు ఆష్టను అను వైద్యురాలు 1982 మొదలు 1994 వఱకు ఇట్టి రోగులకై చికిత్సాలయమును నడపి, ఈ నెమ్మది మార్గమును ప్రచారము చేసెను. పని ముగియుటకు నెలలు పట్టవచ్చును. కొందఱికి సంవత్సరమునకు మించియు పట్టును.

మందు తగ్గుచున్నప్పుడు మొదటి కారణమును మఱువరాదు. నిద్రలేమికై మందు మొదలుపెట్టినవాడు ప్రతిదినము ఒకే వేళకు లేచుట, పగటినిద్ర మానుట, సాయంకాలము కాఫీ టీలను విడుచుట అలవరచుకొనవలయును. భయము కారణమైనచో మానసిక వైద్యుని సలహా పొందవలయును.

అపాయ సమయము

ఈ మందులను సారాయితో గాని, నల్లమందు జాతి మందులతో గాని కలిపి పుచ్చుకొనినచో ఊపిరి నిలిచిపోవచ్చును. లేపినను లేవని మనుష్యుని ప్రక్కకు పరుండబెట్టి, నోట నేమియు పోయక, వెంటనే 108కి తెలుపవలయును. మూర్ఛ వచ్చినను అట్లే చేయవలయును.

ఇంటివారి విధి

దాచిన మాత్రలు కనబడినప్పుడు కోపము వచ్చుట సహజము. ఐనను తిట్టుటకు ముందు, ఎన్ని మాత్రలు, ఎంతకాలమునుండి వాడుచున్నారో మెల్లగా అడిగి వ్రాసికొని, వారిని వెంటబెట్టుకొని వైద్యునికడకు పోవలయును. ఆ లెక్కయే చికిత్సకు మొదటి మెట్టు. వైద్యుడు దూరమున నున్నచో మానసిక సహాయమునకు 14416, వ్యసనముల విషయమున 14446 అను ఉచిత టెలిఫోను సంఖ్యలు కలవు. విద్యార్థులారా, స్నేహితుడు పరీక్షలకు ముందు నిద్రకై యిచ్చు మాత్రను పుచ్చుకొనకుడు; ఇంట నెవరైన ఇట్టి మందునకు లోబడియున్నచో దానిని దాచక, పెద్దలకు తెలుపుడు.