సానియా ఎక్కిన మెట్లు

 

మన హాస్టలుకు పేపరు వచ్చిందంటే చాలామంది ముందు ఆటల పేజీయే తీస్తారు. "ఫలానా అమ్మాయి ఒక్క రాత్రిలో స్టారయ్యింది" అని చెప్పుకుంటారు. నిజంగా ఒక్క రాత్రిలో ఎవరైనా ఎదుగుతారా? ఈ ప్రశ్నకు జవాబుగా హైదరాబాదులో పెరిగిన టెన్నిస్ క్రీడాకారిణి సానియా మీర్జా గురించి ఈ పాఠం రాస్తున్నాను.

టెన్నిస్ లెక్క

మన బాల్ బ్యాడ్మింటన్‌లో లాగే మధ్యలో నెట్ ఉంటుంది గాని పాయింట్ల లెక్క వేరు. మొదటి పాయింటుకు 15, రెండోదానికి 30, మూడోదానికి 40 అంటారు. ఆ తర్వాత ఇంకొకటి గెలిస్తే ఒక గేమ్. ఇద్దరూ 40 దగ్గర సమానమైతే 'డ్యూస్'. అప్పుడు వరసగా రెండు పాయింట్లు గెలవాలి. కనీసం రెండు గేముల తేడాతో ఆరు గేములు గెలిస్తే ఒక సెట్. ఆడవాళ్ల మ్యాచ్‌లో ముందు రెండు సెట్లు ఎవరు గెలిస్తే వారిదే గెలుపు. ఆస్ట్రేలియన్ ఓపెన్, ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్, యు.ఎస్. ఓపెన్ అనే నాలుగు పెద్ద పోటీలను గ్రాండ్‌స్లామ్‌లు అంటారు.

కింది మెట్లు

సానియా 1986 నవంబరు 15న ముంబయిలో పుట్టింది, హైదరాబాదులో పెరిగింది. ఆరేళ్ల వయసులో రాకెట్ పట్టింది. తండ్రి ఇమ్రాన్ మీర్జాయే ఆమెకు కోచ్‌గా కూడా ఉన్నారు. చిన్నప్పుడు తాను పేడతో అలికిన కోర్టుల మీద ఆడానని ఆమే చెప్పింది. మన ఇళ్ల ముంగిళ్లు అలికినట్టే అన్నమాట! ఎండలో ఆడితే నల్లబడుతుంది, పిల్లనెవరు చేసుకుంటారు అని చుట్టుపక్కలవాళ్లు అనేవారట. ఇలాంటి మాటలు మన ఊళ్లలో మనమూ వింటూనే ఉన్నాం. ఆమె తల్లిదండ్రులు ఆ మాటలు చెవిన పెట్టలేదు.

2002లో బూసాన్ ఆసియా క్రీడల్లో లియాండర్ పేస్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్‌లో కాంస్యం గెలిచింది. అప్పటికి ఆమెకు 15 ఏళ్లు, అంటే మన పదో తరగతి అక్కయ్యల ఈడు. 2003లో వింబుల్డన్ బాలికల డబుల్స్ టైటిల్ గెలిచి, ఆ ఏడాదే ప్రొఫెషనల్ అయ్యింది. అంటే ఆటే వృత్తిగా ఆడటం.

2005 సంవత్సరం

2005 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో వైల్డ్ కార్డుతో ఆడింది. ర్యాంకు చాలకపోయినా నిర్వాహకులు ఇచ్చే అవకాశమే వైల్డ్ కార్డు. రెండు మ్యాచ్‌లు గెలిచి మూడో రౌండుకు చేరింది. భారతీయ మహిళల్లో అంతదాకా వెళ్లింది ఆమే మొదలు. అక్కడ సెరెనా విలియమ్స్ చేతిలో 1-6, 4-6తో ఓడింది. ఆ పోటీలో టైటిల్ చివరికి సెరెనాదే. రెండో సెట్‌లో నాలుగు గేములు తీసుకున్నదంటే మాటలు కాదు.

ఫిబ్రవరిలో సొంత ఊళ్లో హైదరాబాద్ ఓపెన్ గెలిచి, డబ్ల్యు.టి.ఎ. సింగిల్స్ టైటిల్ సాధించిన తొలి భారతీయ మహిళ అయ్యింది. తర్వాత దుబాయ్‌లో, అంతకుముందు ఏడాది యు.ఎస్. ఓపెన్ గెలిచిన కుజ్నెత్సోవాను ఓడించింది. సెప్టెంబరులో యు.ఎస్. ఓపెన్ నాలుగో రౌండుకు వెళ్లి షరపోవా చేతిలో ఓడింది. ఏడాది చివరికి ప్రపంచ ర్యాంకు 31.

పేపర్లు చూసింది ఈ ఒక్క ఏడాదినే. దాని వెనుక 12 ఏళ్లున్నాయి. మన మంగళగిరి గాలిగోపురానికి పదకొండు అంతస్తులు. దూరంనించి వచ్చేవాళ్లకు ముందు పైకొసే కనబడుతుంది. కట్టినవాళ్లు మాత్రం కిందనించే కట్టారు.

ర్యాంకు ఎలా నిలబడుతుంది?

ఇది బాగా గుర్తుంచుకోవాలి. టెన్నిస్ ర్యాంకు గడిచిన 52 వారాల పాయింట్లను బట్టి వస్తుంది. కిందటేడు గెలిచిన పాయింట్లు ఏడాది తిరగ్గానే లెక్కలోంచి పోతాయి. మళ్లీ సంపాదించుకోవాలి. నిన్న తిన్న అన్నం ఇవాళ ఆకలి తీర్చదు కదా! దెబ్బ తగిలి కొన్ని నెలలు ఆగితే ర్యాంకు దానంతటదే పడిపోతుంది.

సానియాకు అదే జరిగింది. 2007లో 27వ ర్యాంకు దాకా ఎక్కింది. 2008లో మణికట్టు దెబ్బతిని ఆపరేషన్ అయ్యింది. చివరికి 2013లో సింగిల్స్ మానేసింది. ఆట మానలేదు, డబుల్స్ మీద పడింది. 2015 ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యింది. మార్టినా హింగిస్‌తో కలిసి మూడు, మిక్స్‌డ్‌లో మూడు, మొత్తం ఆరు గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు గెలిచి 2023లో రిటైరయ్యింది.

మరి మన సంగతి?

"సానియాకు తల్లిదండ్రులు ఖర్చు పెట్టారు, మనకెవరు పెడతారు?" అని మీరడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. టెన్నిస్‌కు డబ్బు కావాలి. అందుకే ఇంకొక పేరు చెబుతాను. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ మనలాగే గిరిజన కుటుంబంలో పుట్టిన పిల్ల. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంది. గురుకులమే శిక్షణ ఇప్పించింది. మొదట భువనగిరి కొండ ఎక్కడం నేర్చుకుంది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కింది. అప్పటికి ఆమెకు 14 ఏళ్లు నిండలేదు! ఖర్చు ఇల్లు భరించలేనప్పుడు బడి భరించింది.

ఇక అసలు విషయం. మిరపకోతల రోజుల్లో మనలో కొందరిని ఇంటికి తీసుకుపోతారు. అమ్మానాన్నలను తప్పుపట్టలేం, ఆ కూలితోనే ఇల్లు గడవాలి. కాని మనం తిరిగొచ్చేసరికి పాఠాలు దాటిపోతాయి, ఆటల జట్టులో చోటు పోతుంది. టెన్నిస్ ర్యాంకు లాగే మనదీ పడిపోతుంది. కొందరైతే తిరిగే రారు. తెలివిలేక కాదు, మధ్యలో మెట్లు తెగిపోయి.

కాబట్టి వార్డెన్ గారికి నా మనవి. కోతలకు ముందే పెద్దవాళ్లను పిలిపించి, వెళ్లిన పిల్లలు ఏ రోజుకు తిరిగి రావాలో మాట్లాడి రాసుకోండి. స్నేహితులకు నా మనవి. వెళ్లినవాళ్ల కోసం నోట్సు రాసి ఉంచండి, జట్టులో వాళ్ల పేరు కొట్టేయకండి.

జవాబులు రాసి గోడపత్రిక పెట్టెలో వేయండి:
1. స్కోరు 40–40 అయితే ఏమంటారు? గెలవాలంటే ఏం చేయాలి?
2. టెన్నిస్ ర్యాంకుకు ఎన్ని వారాల పాయింట్లు లెక్కిస్తారు?
3. సానియా సింగిల్స్ మానేశాక ఏం చేసింది? అందులో మీకు నచ్చినదేమిటి?

ఇట్లు,
మీ సోదరి,
9వ తరగతి