పానా పట్టిన చేతికి పదో తరగతి సర్టిఫికెట్

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ - ఏ ఊరికి వెళ్లినా మెకానిక్ షెడ్లలో మన పిల్లలు ఉస్తాద్‌కు పానాలు అందిస్తూ కనిపిస్తారు. వారిలో నా పాత విద్యార్థులూ ఉన్నారు. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసిన ఒక అబ్బాయి దగ్గరికి మొన్న నా బండి తీసుకెళ్లాను. ఇంజిన్ శబ్దం విని, "టాపెట్లు కొడుతున్నాయి సార్" అన్నాడు. 0.08 మిల్లీమీటర్ల సన్నని గేజ్ రేకు పెట్టి వాల్వుల సందు సరిచేశాడు. దశాంశాలు రావని బడిలో నేను ఎన్నోసార్లు కసిరింది ఈ పిల్లవాడినే!

కంపెనీలో ఎందుకు చేరలేదని అడిగితే, "పది పాస్ అడుగుతారు కదా సార్" అన్నాడు.

ఇతనికి వచ్చిన పని చిన్నది కాదు. డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండర్‌లో గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఈ సూత్రం అర్థమైనవాడు లారీ ఒక్కటే కాదు, ట్రాక్టరు, జేసీబీ, వరికోత యంత్రం, ఆస్పత్రి జనరేటరు కూడా విప్పగలడు. ఇంధనం వస్తోందా, గాలి అందుతోందా, కంప్రెషన్ ఉందా అని ఒక్కొక్కటీ తేల్చుకుంటూ పోయే పద్ధతి ఏ యంత్రానికైనా పనికొస్తుంది.

అయితే చెవి ఒక్కటే ఇక చాలదు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 బండ్లే అమ్ముతున్నారు. వాటిలో సెన్సర్లు ఎక్కువ. స్కానర్ చూపే ఇంగ్లీషు కోడ్ చదవాలి. ఎలక్ట్రిక్ బండిలో అసలు ఇంజినే లేదు. బేరింగులు, బ్రేకులు, సస్పెన్షన్ మాత్రం ఉంటాయి, ఆ పని పోదు. బ్యాటరీ, మోటారు పని వేరుగా నేర్చుకోవాలి. ఎక్కువ వోల్టేజీ కాబట్టి శిక్షణ లేకుండా చెయ్యి పెట్టకూడదు.

ఉద్యోగాలు మరీ దూరంలో లేవు. జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్లు తయారవుతున్నాయి. పెబ్బేరు, ఎర్రవల్లి మీదుగా పోయే మన 44వ నంబరు హైవే మీదే పెనుకొండ ఉంది. అక్కడ 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. హైదరాబాద్‌లోని హ్యుందాయ్ ఇంజినీరింగ్ కేంద్రంలో కంప్యూటర్ మీద డిజైన్ పని జరుగుతుంది. అది మన ఆడపిల్లలూ చేయగలిగినదే, తల్లిదండ్రులు గమనించాలి.

బడి మానేసినవారికి తెలంగాణ ఓపెన్ స్కూల్ ఉంది. 14 ఏళ్లు నిండితే పదో తరగతికి చేరవచ్చు, షెడ్డు మానక్కర్లేదు. పది అయ్యాక ఐటీఐలో డీజిల్ మెకానిక్ ఒక ఏడాది, మోటార్ వెహికల్ మెకానిక్ రెండేళ్లు. ఆ తర్వాత అప్రెంటిస్‌గా చేరితే స్టైపెండ్ ఇస్తారు. చదువు మీద ఇష్టముంటే పాలిసెట్ రాసి మూడేళ్ల డిప్లొమా చేయవచ్చు; వనపర్తి ప్యాలెస్‌లో 1959లో మొదలైన పాలిటెక్నిక్ మనకు దగ్గరే. డిప్లొమా తర్వాత ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు.

ఉస్తాద్‌లకు ఒక మనవి. పరీక్షల నెలలో కుర్రవాడిని సాయంత్రం ఒక గంట ముందు వదలండి. స్కాలర్‌షిప్పుల జాబితా రాసే పెద్దలు బడి రిజిస్టర్లతో ఆగకుండా షెడ్లకూ ఒకసారి వెళ్లి రండి.

నా విద్యార్థి ఓపెన్ స్కూల్ ఫారం నింపాడు. షెడ్డు మూసాక మా ఇంటికి వస్తున్నాడు. ఇప్పుడు బీజగణితం దగ్గర ఉన్నాం.