కింద చిక్కు, పైన తప్పు



జాకెట్టు కుడుతుంటే బట్ట కింద దారం ఉండలు కడుతోందనీ, బాబిన్ కేసు పాడైనట్టుందనీ, వరంగల్ చౌరస్తాకు పోయి కొత్తది తెచ్చుకోనా అనీ అడిగావు. ఇప్పుడే కొనకు. కింద కనిపించే చిక్కు చాలాసార్లు పైదారం చేసే పనే. మన కొత్తవాడలో దర్రీలు నేసే మగ్గం మీద పడుగు బిగిసి నిలబడుతుంది, పేక దాని మధ్యనుంచి పోతుంది. మిషన్ కుట్టులో అలా కాదు, రెండు దారాలూ ఒకదాన్నొకటి గుంజుకుంటాయి. అమెరికాలో ఎలియాస్ హోవే 1846లో పేటెంటు తీసుకున్న మిషన్ నుంచి నీ ముందున్న నల్ల మిషన్ దాకా అసలు కిటుకు ఇదే. మొన దగ్గర కన్నున్న సూది పైదారాన్ని బట్ట కిందికి దించుతుంది. నీ మిషన్లో ఆ దారం ఉచ్చులా విచ్చుకోగానే షటిల్ కొక్కెం పట్టుకుని బాబిన్ చుట్టూ తిప్పుతుంది. వెంటనే టేకప్ లివర్ పైకి లేచి, మిగిలిన దారాన్ని వెనక్కి గుంజుతుంది. ఆ లివర్ కన్నంలో దారం ఎక్కించడం మరిచిపోయావనుకో, గుంజేవాళ్లు లేక ప్రతి కుట్టుకూ మిగిలిన దారమంతా కిందే పోగుపడుతుంది. ఉండ కనిపించేది బాబిన్ దగ్గర కాబట్టి నింద దాని మీద పడుతుంది, అంతే.

ఈ మాట నా మీద నమ్మకంతో ఒప్పుకోనక్కర్లేదు. పైన ఎర్రదారం, బాబిన్‌లో తెల్లదారం పెట్టి, రెండు మడతల కాటన్ పీలిక మీద జానెడు కుట్టి చూడు. అడుగువైపు ఎర్ర ఉచ్చులు వేలాడితే పైదారం వదులైంది. పైవైపు తెల్లచుక్కలు తేలితే పైదారం మరీ బిగిసింది, లేదా బాబిన్ దారం కేసు మీది సన్నరేకు కిందికి చేరలేదు. ముడి బట్ట మందం నడుమ దాక్కుని, ఏ రంగు ఆ వైపే ఉంటే సరే.

పైదారం వదులు కావడానికి మొదటి కారణం, బట్టను అదిమే ఫుట్ దించి దారం ఎక్కించడం. ఫుట్ ఎత్తినప్పుడే టెన్షన్ బిళ్లలు విడతాయి, దించితే అదుముకుంటాయి. దించి ఎక్కిస్తే దారం బిళ్లల మధ్యకు దిగక అంచుమీదే కూచుంటుంది. చూడ్డానికి అంతా సరిగ్గానే ఉంటుంది, అందుకే కంటిని కాక వేలిని నమ్ము. ఫుట్ ఎత్తి దారం లాగు, జారిపోవాలి. దించి లాగు, పట్టు తెలియాలి. రెండుసార్లూ ఒకేలా జారితే మొదటినుంచి మళ్లీ ఎక్కించు. అప్పటికీ పట్టు లేకపోతే బిళ్లల మధ్య నూగు చేరి ఉంటుంది. ఫుట్ ఎత్తి, మడిచిన గుడ్డ అంచుతో తుడువు. బ్లేడు పెడితే గీతలు పడతాయి.

అనుభవమున్న దర్జీలు ముందు టెన్షన్ నట్టే తిప్పుతారు కదా అంటావు. నిజమే. కానీ వాళ్లు తిప్పేది బట్ట మారినప్పుడు, దారం దారిలో ఉందని చేతికి తెలిసిన తర్వాత. దారి తప్పిన దారానికి నట్టు బిగిస్తే ఈ పూటకు కుట్టు కుదిరినట్టే ఉంటుంది. రేపు సరిగ్గా ఎక్కించిన రోజు అదే బిగువుకు దారం తెగుతుంది, అప్పుడు మిషన్ పాతదైందంటారు. పాత మిషన్లో స్ప్రింగు సడలడం, బిళ్ల అరగడం లేవని కాదు. వాటికి మెకానిక్ కావాలి, దారం మళ్లీ ఎక్కించడానికి అరనిమిషం చాలు. ఏది ముందు చెయ్యాలో నువ్వే చెప్పు.

నిన్నటిదాకా బాగా కుట్టింది, ఇవ్వాళ కుట్లు వదిలేస్తోంది అంటే సూదినే అనుమానించు, ముఖ్యంగా నిన్న మార్చి ఉంటే. చదునువైపు కుడికా ఎడమకా అని కంఠస్థం చెయ్యకు, మిషన్‌ను బట్టి మారుతుంది. సూదినే చదువు. ఒక పక్క పొడుగు గాడి ఉంటుంది, దారం ఆ పక్కనుంచే కన్నులోకి పోవాలి. గాడికి ఎదుటి చదునువైపు షటిల్ కొక్కేనికి చేరువగా ఉండాలి. తిరగబడితే కొక్కేనికి ఉచ్చు అందదు. మామూలు కాటన్ జాకెట్టుకు 14 నంబరు సూది సరిపోతుంది, పల్చటి పట్టుకు 11, జీన్స్‌కు 16 లేదా 18. మందం దారాన్ని సన్నసూదిలో దూరిస్తే కన్ను దగ్గర ఒరుసుకుని పీచులేచి తెగుతుంది, దానికీ టెన్షన్‌నే తిడతారు.

ఇవన్నీ చూశాక కూడా తెల్లదారం పైకి తేలుతుంటే, అప్పుడు బాబిన్ కేసు దగ్గరికి రా. దారం కొస పట్టుకుని కేసును గాలిలో వేలాడదియ్యి. తనంతట జారిపోకూడదు, చెయ్యి చిన్నగా అదిలిస్తే కాస్త దిగి ఆగాలి. ఆగకపోతే రేకు మీది స్క్రూను పావుచుట్టు కన్నా తక్కువే తిప్పి, మళ్లీ వేలాడదీసి చూడు. కింద తెల్లగుడ్డ పరిచాకే స్క్రూకు చెయ్యి పెట్టు. అది జొన్నగింజంత కూడా ఉండదు, గచ్చు మీద పడితే దొరకదు. అది పోయిన రోజు మాత్రం చౌరస్తాకు పోవాల్సిందే.