పంచాయతీ పద్దులో మన పైసా

తెల్లవారకముందే ఆ ఇంట్లో బిందెల చప్పుడు మొదలవుతుంది. వెనక వీధి కొళాయిలో నీళ్లు రావు. వచ్చినా దారంలా సన్నగా వస్తాయి. పెద్ద వీధి చివర చేతి పంపు ఉంది. అక్కడికి పోవాలి. వరసలో నిలబడాలి. తల్లి నాలుగు బిందెలు మోస్తుంది. పదేళ్ల కూతురు రెండు బిందెలు మోస్తుంది. ఆ పిల్ల బడికి చేరేసరికి మొదటి పాఠం అయిపోతుంది.

ఒకరోజు పంచాయతీ బిల్ కలెక్టర్ వచ్చాడు. ఇంటి పన్ను నోటీసు ఇచ్చి వెళ్లాడు.

అత్త మండిపడింది. “నీళ్లు రావు. వీధి దీపం వెలగదు. మళ్లీ పన్నొకటా? పొయ్యిలో పడెయ్యవే దాన్ని!” అంది.

కోడలు పొయ్యిలో వెయ్యలేదు. ఆమె రాత్రి బడిలో చదువు నేర్చుకుంది. కూడబలుక్కుని చదివింది. “ఇంటి పన్ను 300 రూపాయలు. పాత బాకీ 300 రూపాయలు. మొత్తం 600 రూపాయలు.”

“అత్తయ్యా, పోయినేడు పన్ను కట్టలేదా?”

“కట్టానని మీ మామ చెప్పాడే!”

“మరి రసీదు ఏదీ?”

గూట్లో వెతికారు. పెట్టెలో వెతికారు. రసీదు దొరకలేదు. మామ తల గోక్కున్నాడు. “కడదామనే అనుకున్నాను. ఆ డబ్బు ఎరువులకు అయిపోయింది” అన్నాడు.

కోడలు నోటీసు పట్టుకుని వార్డు మెంబరు ఇంటికి వెళ్లింది. ఆ వార్డు మెంబరు కూడా ఆడమనిషే.

“అక్కా, ఈ డబ్బు ఎక్కడికి పోతుంది? మాకు నీళ్లెందుకు రావు?” అని అడిగింది.

“కూర్చో చెల్లీ, చెబుతాను” అంది మెంబరు.

పంచాయతీ అంటే ఎవరు?

పంచాయతీ అంటే ఆఫీసు గది ఒక్కటే కాదు. ఊరి ఓటర్లు ఎన్నుకున్న సర్పంచి, వార్డు మెంబర్లు కలిస్తే గ్రామ పంచాయతీ. ఊరి జనాభాను బట్టి 5 నుంచి 21 మంది వరకు మెంబర్లు ఉంటారు. వాళ్ల పదవి 5 ఏళ్లు. మెంబర్లు తమలో ఒకరిని ఉప సర్పంచిగా ఎన్నుకుంటారు. లెక్కలు, కాగితాలు రాసేది పంచాయతీ కార్యదర్శి. ఆయన లేక ఆమె ప్రభుత్వ ఉద్యోగి.

1992లో రాజ్యాంగానికి 73వ సవరణ చేశారు. అది 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చింది. పంచాయతీలకు 5 ఏళ్లకోసారి ఎన్నికలు జరగాలని, మూడో వంతు స్థానాలు ఆడవాళ్లకు ఇవ్వాలని అది చెప్పింది. ఆ తర్వాత 1994లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీ రాజ్ చట్టం వచ్చింది. తెలంగాణ 2018లో తన చట్టం చేసుకుంది. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ సగం స్థానాలు ఆడవాళ్లవే.

పంచాయతీ ఏం చెయ్యాలి?

తాగే నీళ్లు ఇవ్వాలి. వీధులు ఊడ్పించాలి. మురుగు కాలవలు తీయించాలి. వీధి దీపాలు వెలిగించాలి. ఊరి లోపలి రోడ్లు బాగుచేయించాలి. శ్మశానం చూసుకోవాలి. పుట్టిన పిల్లల పేర్లు, చనిపోయినవారి పేర్లు రాసి ఉంచాలి.

ఇవన్నీ డబ్బుతో పని. మరి ఆ డబ్బు ఎక్కడిది?

డబ్బు వచ్చే మూడు దారులు

మొదటి దారి పన్నులు. ఇంటి పన్ను ఇందులో ముఖ్యమైంది. కొళాయి రుసుము, దుకాణాల లైసెన్సు రుసుము కూడా వస్తాయి. ఊళ్లో స్థలమో పొలమో అమ్మి రిజిస్ట్రేషన్ చేయిస్తే, అప్పుడు కట్టే సుంకంలో కొంత వాటా పంచాయతీకి చేరుతుంది.

రెండో దారి ఊరి ఆస్తులు. చెరువులో చేపలు, సంత, చెట్ల కాయలు వేలం వేస్తారు. పంచాయతీ గదులు ఉంటే అద్దె వస్తుంది.

మూడో దారి ప్రభుత్వం ఇచ్చే నిధులు. కేంద్రం ఇచ్చే డబ్బును ఆర్థిక సంఘం నిధులు అంటారు. ఈ డబ్బును ఇష్టం వచ్చినట్టు ఖర్చు పెట్టడానికి లేదు. 2021 నుంచి 2026 మార్చి వరకు 15వ ఆర్థిక సంఘం పెట్టిన నియమం చూడండి. ప్రతి 100 రూపాయల్లో 60 రూపాయలు తాగునీటికి, పారిశుధ్యానికే వాడాలి. మిగతా 40 రూపాయలు ఊరి ఇతర అవసరాలకు వాడవచ్చు. కానీ ఆ 40 రూపాయల్లోంచి జీతాలు ఇవ్వకూడదు.

“అందుకే చెల్లీ, వీధి ఊడ్చేవాళ్ల కూలికి ఊరి సొంత రాబడి చూసుకోవాలి. అర్ధరాత్రి మోటారు కాలిపోతే చేతిలో ఉండే డబ్బు కూడా అదే” అంది మెంబరు.

“మరి సొంత డబ్బు ఎంత వచ్చింది? ఎంత పోయింది?”

“ఆ మాట ఇక్కడ కాదు, గ్రామసభలో అడుగు. నేనూ నీ పక్కనే ఉంటాను.”

గ్రామసభ రోజు

ఊరి ఓటర్లందరూ గ్రామసభలో సభ్యులే. దీనికి విడిగా చీటీ అక్కర్లేదు. ఓటరు జాబితాలో పేరుంటే చాలు. ఊరి పనుల ప్రణాళిక, జమాఖర్చులు, కొత్త పన్నుల సంగతి గ్రామసభ ముందు పెట్టాలి. ఏడాదికి కనీసం రెండుసార్లు గ్రామసభ పెట్టాలని ఆంధ్రప్రదేశ్ 1994 చట్టం చేసినప్పుడే రాశారు. తెలంగాణ 2018 చట్టం రెండు నెలలకోసారి పెట్టాలంది.

ఆ పొద్దున కోడలు ముందు పంచాయతీ ఆఫీసుకు వెళ్లింది. కోళ్లు అమ్మిన డబ్బుతో 600 రూపాయలు కట్టింది. రసీదు అడిగి తీసుకుంది. పేరు, అంకె, తేదీ చదివి చూసుకుంది. కొంగున ముడి వేసుకుంది.

ఎప్పుడూ గ్రామసభకు పది మంది మగవాళ్లు వచ్చేవారు. ఆ రోజు వెనక వీధి నుంచి ఇరవై మంది ఆడవాళ్లు వచ్చారు. అత్త కూడా వచ్చింది.

కుర్చీలో సర్పంచి కూర్చుంది. ఆమె పక్కన భర్త కూర్చున్నాడు. ఎవరేం అడిగినా ఆయనే జవాబు చెబుతున్నాడు. సర్పంచి తల వంచుకుని వింటోంది.

అత్త లేచి నిలబడింది. “బాబూ, మేం ఓటేసింది నీకు కాదు. ఆ అమ్మాయికి. ఆమెను చెప్పనియ్యి” అంది.

సభలో కొందరు నవ్వారు. భర్త కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. సర్పంచి నెమ్మదిగా లెక్కల కాగితం చేతిలోకి తీసుకుంది. కార్యదర్శి అదే లెక్క బోర్డు మీద రాశాడు.

ఊరి సొంత పద్దు

జమ (వచ్చింది)
ఇంటి పన్ను: రావలసింది 1,20,000. వచ్చింది 70,000.
చెరువు వేలం: రావలసింది 90,000. వచ్చింది 30,000.
కొళాయి రుసుము: వచ్చింది 30,000.
మొత్తం జమ: 1,30,000.

ఖర్చు (పోయింది)
పారిశుధ్య పనివారి కూలి: 90,000.
కాలవల పూడిక, బ్లీచింగ్ పొడి: 20,000.
బల్బులు, తీగ: 15,000.
మొత్తం ఖర్చు: 1,25,000.

నిల్వ (మిగిలింది): 5,000.

(ఇవి పాఠం కోసం వేసిన అంకెలు. మీ ఊరి అంకెలు వేరుగా ఉంటాయి.)

కోడలు బోర్డు చదివింది. ఒకసారి కాదు, రెండుసార్లు చదివింది. వేళ్ల మీద లెక్క వేసుకుంది. తర్వాత చెయ్యి ఎత్తింది. గొంతు వణికింది. అయినా అడిగింది.

“చెరువు వేలం 90,000 అని రాశారు. వచ్చింది 30,000. మిగతా 60,000 ఏదండీ?”

సభ నిశ్శబ్దమైంది. చెరువు పాట పాడిన పెద్దమనిషి ముందు వరసలోనే ఉన్నాడు. ఆయన గోడ వైపు చూశాడు.

“గడువు అడిగారు, ఇచ్చాం” అన్నాడు కార్యదర్శి.

“ఎన్నాళ్ల గడువు?”

ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు సర్పంచి తలెత్తింది. “గడువు దాటి ఏడు నెలలైంది” అంది.

వెనక నుంచి ఒక గొంతు లేచింది. “ముందు నీ ఇంటి పన్ను కట్టావా? తర్వాత ఊరిని అడుగుదువుగాని!”

కోడలు కొంగు ముడి విప్పింది. రసీదు పైకెత్తి చూపించింది.

వార్డు మెంబరు లేచింది. “పన్ను బాకీ ఉన్నా అడిగే హక్కు పోదు. ఓటరు ఎవరైనా అడగవచ్చు. కాకపోతే, కట్టి అడిగితే గొంతు ఇంకాస్త గట్టిగా వస్తుంది” అంది.

అప్పుడు వెనక వీధి నీళ్ల మాట వచ్చింది. మోటారు పాతదైంది. బాగుచేయించడానికి 18,000 కావాలి. నిల్వ 5,000 మాత్రమే. చెరువు బాకీ 60,000. ఇంటి పన్నుల బాకీ 50,000. రెండూ కలిపితే 1,10,000. అంటే ఊరికి డబ్బు లేక కాదు, ఊరి డబ్బు ఊరికి చేరక నీళ్లు ఆగాయి.

ఇంకో సంగతి కూడా బయటపడింది. వెనక వీధి గొట్టం సన్నది. పెద్ద గొట్టం వెయ్యాలి. తాగునీటి కోసం వచ్చే ఆర్థిక సంఘం డబ్బు దానికి వాడవచ్చు. కానీ ఆ పని ఏటా రాసే పంచాయతీ ప్రణాళికలో ఉండాలి. ప్రణాళికలో వెనక వీధి పేరే లేదు.

“ఎందుకు రాయలేదండీ?” అని అడిగారు ఆడవాళ్లు.

“ప్రణాళిక రాసిన గ్రామసభకు మీ వీధి నుంచి ఒక్కరూ రాలేదమ్మా” అన్నాడు కార్యదర్శి.

ఆ మాట అందరికీ తగిలింది. అది నిజమే.

చదవందే సంతకం లేదు

సభ ముగిసింది. తీర్మానాల పుస్తకం చేతులు మారుతూ వచ్చింది. వచ్చినవాళ్లు వరసగా సంతకాలు పెడుతున్నారు. పుస్తకం కోడలి దగ్గరకు వచ్చింది. ఆమె పేజీ చూసింది. పైన తేదీ ఉంది. కింద సంతకాలు ఉన్నాయి. మధ్యలో ఏమీ లేదు.

“ఇక్కడ ఏం రాస్తారండీ?”

“తర్వాత తీరిగ్గా రాస్తాం. నువ్వు సంతకం పెట్టమ్మా.”

“రాయండి. చదువుతాను. అప్పుడు పెడతాను” అంది కోడలు.

కార్యదర్శి విసుక్కున్నాడు. సర్పంచి మాత్రం “ఇప్పుడే రాయండి” అంది. ఆయన మూడు తీర్మానాలు రాశాడు.

ఒకటి. చెరువు పాట బాకీ 60,000 కట్టమని నోటీసు ఇవ్వాలి.
రెండు. ఇంటి పన్నుల పాత బాకీలు వీధి వీధికీ తిరిగి వసూలు చెయ్యాలి. కట్టిన ప్రతివారికీ రసీదు ఇవ్వాలి.
మూడు. వెనక వీధికి పెద్ద గొట్టం వేసే పనిని వచ్చే ఏడాది ప్రణాళికలో చేర్చాలి.

కోడలు పైకి చదివింది. తర్వాత సంతకం పెట్టింది.

అత్త వేలిముద్ర వెయ్యబోతూ ఆగింది. “ఆ మూడోది మళ్లీ ఒకసారి చదవ్వే” అంది. విని, అప్పుడు వేసింది.

నెల తిరిగేసరికి చెరువు బాకీలో 30,000 వచ్చింది. మోటారు బాగుచేయించారు. వెనక వీధి కొళాయిలో నీళ్లు వస్తున్నాయి. ధార ఇంకా సన్నగానే ఉంది. కానీ ఇంటి ముందే బిందె నిండుతోంది. పిల్ల మొదటి పాఠానికే బడికి చేరుతోంది. పెద్ద గొట్టం ఇంకా రాలేదు. కోడలు తీర్మానాల నకలు అడిగి తెచ్చుకుంది. గూట్లో పన్ను రసీదు పక్కనే పెట్టింది. వచ్చే గ్రామసభకు దాన్ని తీసుకువెళ్లాలి.

గుర్తుంచుకోండి

పన్ను కడితే రసీదు తీసుకోండి. రసీదు మీద అంకె, తేదీ చదవండి.

గ్రామసభ తేదీ ముందుగా కనుక్కోండి. ఒక్కరే కాకుండా వీధివారంతా కలిసి వెళ్లండి.

జమ ఎంత, ఖర్చు ఎంత, నిల్వ ఎంత, బాకీ ఎంత అని అడగండి.

ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి, వేలిముద్ర వెయ్యకండి.

నోటితో అడిగితే చెప్పకపోతే కాగితం మీద అడగండి. 2005 సమాచార హక్కు చట్టం కింద 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. గ్రామ స్థాయిలో ఈ దరఖాస్తుకు రుసుము లేదు.

ఇంట్లో పెద్ద ఫోను ఉంటే ఈ-గ్రామస్వరాజ్ వెబ్‌సైటులో మీ పంచాయతీ ప్రణాళిక, ఖర్చులు చూడవచ్చు. ఇది 2020లో మొదలైంది.

ఆలోచించండి, చెప్పండి

1. మీ పంచాయతీకి సొంతంగా డబ్బు వచ్చే దారులు ఏవి?
2. పై పద్దులో ఇంటి పన్ను బాకీ ఎంత? చెరువు బాకీ ఎంత? మీరే తీసివేసి చూడండి.
3. ఇంటి పన్నులు పూర్తిగా వచ్చి ఉంటే నిల్వ ఎంత ఉండేది?
4. మీ వీధి పని ఏదైనా ఈ ఏడాది ప్రణాళికలో ఉందా? కార్యదర్శిని అడిగి మీ పుస్తకంలో రాసుకోండి.