వీడియో ఎడిటింగ్‌కి ఏ డిస్క్ కొనాలి? నాయనమ్మ పాట పోయాక నేర్చుకున్న పాఠం

కథలూ కవితలూ వచ్చే పత్రికలో హార్డ్ డిస్క్ గోలేంటి అని పేజీ తిప్పేయకండి. ఇది మన క్లబ్ సినిమా గురించే. నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం, తెలుగులో ఇంత పొడుగు వ్యాసం రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకుని చదవండి.

సంక్రాంతి సెలవుల్లో నేనూ, మా రూమ్మేట్లు ఇద్దరూ మా ఊరు వెళ్లాం. మా నాయనమ్మకి దంపుడు పాటలు వచ్చు. ఇప్పుడు మా ఊళ్లో వడ్లు దంచేవాళ్లు లేరు కాబట్టి ఆ పాటలు పాడాల్సిన అవసరం కూడా ఎవరికీ లేదు. పక్కింటి పెద్దమ్మ, నాయనమ్మ కలిసి రోలు ముందు కూర్చుని, ఒకరు అందుకుంటే ఇంకొకరు అందించి పాడారు. అప్పు తెచ్చిన కెమెరాతో 2 గంటలు తీశాం. పది నిమిషాల డాక్యుమెంటరీ చేసి క్లబ్ తరఫున ఫెస్ట్‌లో వేద్దామని ప్లాన్.

నా ల్యాప్‌టాప్‌లో 256 జీబీ డిస్క్, అందులో ఖాళీ 20 జీబీ. అందుకని మొత్తం ఫుటేజీని ఒక పాత పోర్టబుల్ హార్డ్ డిస్క్‌లోకి పంపాను. కాపీ కాదు, కట్ అండ్ పేస్ట్. మర్నాడు ఇంకో షూటింగ్ ఉందని మెమరీ కార్డ్ ఫార్మాట్ కూడా చేసేశాను. నాలుగో రోజు రాత్రి హాస్టల్ మంచం మీద ఎడిటింగ్ చేస్తుంటే, నీళ్ల బాటిల్ కోసం లేచిన మావాడి కాలికి కేబుల్ తగిలింది. తిరుగుతున్న డిస్క్ కింద పడింది. తర్వాత అందులోంచి టిక్, టిక్ అని శబ్దం తప్ప ఇంకేమీ రాలేదు. రికవరీ చేసేవాళ్లు చెప్పిన రేటు మా సినిమా బడ్జెట్ కన్నా ఎక్కువ, పైగా వస్తుందని గ్యారంటీ లేదు.

కంప్యూటర్ సైన్స్ చదువుతూ ఇలా చేశానంటే నాకే సిగ్గుగా ఉంది. అందుకే ఆ తర్వాత కూర్చుని అసలు ఏం కొనాల్సింది, ఏం చేయాల్సింది అని నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. మీలో షార్ట్ ఫిల్మ్ తీసేవాళ్లకి పనికొస్తుంది.

ముందు లెక్క వేసుకోండి

కెమెరా స్పెక్స్‌లో బిట్‌రేట్ అని ఒకటి ఉంటుంది. మేం వాడిన దాంట్లో 4కే వీడియోకి సెకనుకి 100 మెగాబిట్లు. 8 బిట్లు ఒక బైటు కాబట్టి 100ని 8తో భాగిస్తే సెకనుకి 12.5 ఎంబీ. గంటకి 3600 సెకన్లు, అంటే 45 జీబీ. మా 2 గంటల ఫుటేజీ 90 జీబీ అన్నమాట.

కథ అక్కడితో అయిపోదు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ తన కోసం క్యాష్ ఫైళ్లు రాసుకుంటుంది. ల్యాప్‌టాప్ నెమ్మదిగా ఉంటే ప్రాక్సీలు, అంటే తేలికపాటి నకళ్లు తయారు చేసుకోవాలి. ఫుటేజీని ప్రోరెస్ 422లోకి మార్చితే 1080పీకే సెకనుకి సుమారు 147 మెగాబిట్లు, గంటకి 66 జీబీ. అందుకే నేను పెట్టుకున్న రూల్: ఫుటేజీ ఎంతో, దానికి రెట్టింపు చోటు ఉండాలి. పైగా ఎస్‌ఎస్‌డీని అంచుదాకా నింపితే స్లో అవుతుంది, కనీసం 15 శాతం ఖాళీ వదలాలి.

ఇలా చూస్తే విండోస్, సాఫ్ట్‌వేర్లు, ఒక ప్రాజెక్ట్ కలిపి 512 జీబీలో ఇరుకుగా సరిపోతాయి. 1 టీబీ అయితే ఊపిరాడుతుంది. 1 టీబీ కొంటే విండోస్‌లో 931 జీబీయే కనిపిస్తుంది, మోసపోయామని కంగారు పడకండి. తయారుచేసేవాళ్లు 1000తో లెక్కేస్తారు, విండోస్ 1024తో లెక్కేస్తుంది, అంతే తేడా.

తిరిగే డిస్క్ ఎందుకు ఆయాసపడుతుంది?

ఇక్కడ నాకు ఒక డౌట్ వచ్చింది. మూడు వీడియో ట్రాకులు ఒకేసారి నడిపినా 37.5 ఎంబీ చాలు. ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్ సెకనుకి 100 ఎంబీ పైనే చదవగలదు. మరి ఎందుకు ఆగి ఆగి ప్లే అవుతుంది?

పెళ్లి భోజనాల్లో వడ్డించేవాణ్ణి గుర్తు తెచ్చుకోండి. బంతిలో ఈ చివర నుంచి ఆ చివరకి వరుసగా వడ్డించుకుంటూ పోతే చకచకా అయిపోతుంది. అదే ఒకరు ఇటు చివర పప్పు అని, ఇంకొకరు అటు చివర సాంబారు అని, మధ్యలో ఒకరు మజ్జిగ అని పిలిస్తే? వాడి టైమంతా నడవడానికే సరిపోతుంది. హార్డ్ డిస్క్‌లో ఆ నడిచేది హెడ్. మూడు ఫైళ్లు మూడు చోట్ల ఉంటే అది మూడు చోట్లకీ పరిగెత్తాలి.

దీనికీ లెక్క ఉంది. 5400 ఆర్‌పీఎం డిస్క్ ఒక చుట్టు తిరగడానికి 11.1 మిల్లీసెకన్లు పడుతుంది. మనకి కావాల్సిన చోటు హెడ్ కిందికి రావడానికి సగటున సగం చుట్టు, అంటే 5.6. దానికి హెడ్ కదిలే టైము కలిపితే ఒక్కో గెంతుకి దాదాపు 15 మిల్లీసెకన్లు. 7200 ఆర్‌పీఎం డిస్క్‌లో సగం చుట్టు 4.2 మిల్లీసెకన్లు. కాస్త నయం, అంతే. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ లేదు, కదిలేదీ లేదు. అదే పని సుమారు 0.1 మిల్లీసెకనులో అయిపోతుంది. ప్రతి విస్తరి పక్కనా ఒక గిన్నె ఉన్నట్టు.

సెకనుకి 24 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకి 41.7 మిల్లీసెకన్లే టైము. 15 చొప్పున మూడు గెంతులకే అది హుష్‌కాకి. సాఫ్ట్‌వేర్ ముందుగానే కొంత చదివి పెట్టుకుంటుంది కాబట్టి మామూలుగా ప్లే చేస్తే నడిచిపోతుంది. టైమ్‌లైన్ మీద ముందుకీ వెనక్కీ లాగితే మాత్రం దొరికిపోతుంది.

కొనేముందు ఒక్క పరీక్ష

అసలు తప్పు డిస్క్‌దేనా అని చూసుకోండి. నేను చూసుకోలేదు. వీడియో ఆగి ఆగి ప్లే అవుతున్నప్పుడు టాస్క్ మేనేజర్ తెరవండి. డిస్క్ 100 శాతం దగ్గర కూర్చుంటే డిస్క్ మార్చాలి. సీపీయూ 100 శాతం ఉండి డిస్క్ 10 శాతమే ఉంటే ఎంత ఖరీదైన ఎస్‌ఎస్‌డీ పెట్టినా లాభం లేదు. హెచ్.264, హెచ్.265 వీడియోలో చాలా ఫ్రేములు పూర్తి బొమ్మలు కావు. ముందు వెనక ఫ్రేములతో తేడా మాత్రమే రాసి ఉంటుంది, దాన్ని విప్పి బొమ్మ కట్టే చాకిరీ ప్రాసెసర్‌ది. అలాంటప్పుడు ప్రాక్సీలు చేసుకోండి. డబ్బులు మిగులుతాయి.

మీ ల్యాప్‌టాప్‌లో ఏది పడుతుంది?

కొనేముందు మోడల్ నంబర్‌తో మాన్యువల్ వెతికి, లోపల ఏ స్లాట్ ఉందో చూడండి. మన హాస్టల్లో కనిపించే ల్యాప్‌టాప్‌లు దాదాపు ఈ నాలుగు రకాలే.

ఒకటి, పాత ల్యాప్‌టాప్, అందులో 2.5 అంగుళాల హార్డ్ డిస్క్ మాత్రమే ఉంటుంది. దాని చోటులో సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టండి. వేగం సెకనుకి 550 ఎంబీ దగ్గర ఆగుతుంది, ఎందుకంటే సాటా దారే అంత. అయినా మన 37.5 ఎంబీ అవసరానికి అది చాలా ఎక్కువ. అన్నయ్యో అక్కో ఇచ్చిన పాత ల్యాప్‌టాప్‌కి ఇంతకు మించిన వైద్యం లేదు.

రెండు, ఎం.2 ఎస్‌ఎస్‌డీ ఉండి, పక్కన 2.5 అంగుళాల చోటు ఖాళీగా ఉన్నవి. విండోస్ పాతదాంట్లోనే ఉంచి, ఫుటేజీ కోసం ఖాళీ చోటులో సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టుకోండి.

మూడు, ఒక్క ఎం.2 స్లాట్ మాత్రమే ఉన్నవి. ఉన్నది తీసి 1 టీబీ పెట్టాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. ఎం.2 అనేది ఆకారం పేరే, వేగం పేరు కాదు. 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు. అదే ఆకారంలో సాటా డ్రైవ్ ఉంటుంది, ఎన్‌వీఎంఈ డ్రైవ్ ఉంటుంది. ఏది పనిచేస్తుందో మాన్యువలే చెప్పాలి. ఎన్‌వీఎంఈలో కూడా జెన్ 3 అయితే సెకనుకి 3500 ఎంబీ దాకా, జెన్ 4 అయితే 7000 దాకా వెళ్తాయి. స్లాట్ జెన్ 3 అయితే జెన్ 4 డ్రైవ్ కూడా జెన్ 3 వేగంతోనే నడుస్తుంది. ఆ తేడా డబ్బులు సైజు మీద పెట్టండి.

నాలుగు, స్టోరేజీ బోర్డుకే అతికించేసిన సన్నటి ల్యాప్‌టాప్‌లు. వీటికి ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ ఒక్కటే దారి. అప్పుడు కేబుల్, పోర్టు కూడా ముఖ్యం. యూఎస్‌బీ 2.0లో సెకనుకి 40 ఎంబీ దాటడం కష్టం, మా 90 జీబీ కాపీ అవ్వడానికి 37 నిమిషాలు పడుతుంది. యూఎస్‌బీ 3.0లో 400 ఎంబీ వస్తే నాలుగు నిమిషాల లోపే అయిపోతుంది. డ్రైవ్ కొత్తదై, కేబుల్ పాత ఛార్జింగ్ కేబుల్ అయితే కొన్నదంతా వృథా.

ల్యాప్‌టాప్ విప్పితే వారంటీ పోతుందా లేదా అన్నది కూడా ముందే కనుక్కోండి.

డబ్బా మీద పెద్దగా రాయని సంగతులు

డబ్బా మీద వేసే స్పీడ్ మొదటి కొన్ని జీబీలకే నిజం కావచ్చు. ఎస్‌ఎస్‌డీల్లో టీఎల్‌సీ, క్యూఎల్‌సీ అని రకాలున్నాయి. ఒక్కో సెల్‌లో మొదటిది 3 బిట్లు దాస్తుంది, రెండోది 4. ఎన్ని ఎక్కువ కుక్కితే రాయడం అంత నెమ్మది. అందుకే కొంత భాగాన్ని వేగంగా రాసే క్యాష్‌గా వాడతారు. కోతల టైములో బస్తాలు ముందు వసారాలో దింపి, తర్వాత తీరిగ్గా కొట్టులోకి సర్దుతారే, అలా అన్నమాట. వసారా నిండితే వెనక బండి ఆగిపోతుంది. చవక క్యూఎల్‌సీ డ్రైవ్‌లో ఒకేసారి 90 జీబీ పోస్తే చివర్లో తిరిగే డిస్క్ కన్నా స్లో అవ్వచ్చు. ఎడిటింగ్‌కి టీఎల్‌సీ తీసుకోండి.

ఎక్కువ రాస్తే ఎస్‌ఎస్‌డీ అరిగిపోతుందన్న భయం నిజమే గానీ మనకి అవసరం లేదు. 1 టీబీ టీఎల్‌సీ డ్రైవ్‌లు చాలావాటికి 600 టీబీ రాతలదాకా హామీ ఇస్తారు. రోజుకి 50 జీబీ రాసినా 12,000 రోజులు, అంటే 32 ఏళ్ల పైమాటే. ముందు మన బీటెక్ అవ్వాలిగా!

ఇంకోటి, కొన్ని వందల రూపాయలకే 16 టీబీ డ్రైవ్ అని ఆన్‌లైన్‌లో కనిపిస్తే ఆ పక్కకే వెళ్లొద్దు. అవి లోపల చిన్న చిప్ పెట్టి, కంప్యూటర్‌కి పెద్ద సైజు అని అబద్ధం చెప్తాయి. నిండాక పాతవాటి మీదే రాసుకుంటూ పోతాయి. ఏ డ్రైవ్ కొన్నా మొదటి రోజే అంచుదాకా నింపి, తిరిగి చదివి చూసే ఉచిత టూల్‌తో పరీక్షించండి.

తిరిగే డిస్క్ పనికిరానిదా?

కాదు. దాన్ని నేను వాడిన విధానం తప్పు. పని చేసుకునే డిస్క్ వేరు, దాచుకునే డిస్క్ వేరు. తక్కువ డబ్బుకి ఎక్కువ చోటు కావాలంటే ఇప్పటికీ హార్డ్ డిస్కే. పైగా ఏళ్ల తరబడి కరెంటు తగలకుండా సొరుగులో పడేస్తే ఎస్‌ఎస్‌డీలో ఛార్జ్ మెల్లగా కారిపోవచ్చు. కాబట్టి ఎడిటింగ్ ఎస్‌ఎస్‌డీ మీద, అయిపోయాక దాచడం హార్డ్ డిస్క్ మీద. కాపీ అవుతున్నంతసేపు దాన్ని బల్ల మీద పెట్టండి, మంచం మీద కాదు.

అన్నిటికన్నా ముఖ్యం 3-2-1 రూల్. 3 కాపీలు, 2 రకాల పరికరాల మీద, అందులో 1 వేరే చోట. మనకి అర్థమయ్యేలా చెప్పాలంటే, ల్యాప్‌టాప్‌లో ఒకటి, హార్డ్ డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లోనో ఇంటి దగ్గరో ఒకటి. రెండు చోట్ల కాపీ అయ్యి, రెండిట్లోనూ ఫైళ్లు తెరిచి చూసుకునేదాకా మెమరీ కార్డ్ ఫార్మాట్ చేయొద్దు. ఈ ఒక్క వాక్యం గుర్తున్నా ఈ వ్యాసం రాసినందుకు ఫలితం దక్కినట్టే.

తర్వాత ఏమైందంటే

ఫిబ్రవరిలో ఒక ఆదివారం మళ్లీ ఊరెళ్లాను. సంగతి చెప్తే నాయనమ్మ తిట్టలేదు. "పోతే పోయిందిలే నాన్నా, మళ్లీ పాడతాను, పాటకేం కరువు" అంది. రోలు ముందు కూర్చుని మొదలుపెట్టింది. రెండో పాట మధ్యలో ఆగి గుమ్మం వైపు చూసింది. అక్కడ అందుకోవాల్సింది పక్కింటి పెద్దమ్మ. ఆవిడ పండగ వెళ్లగానే హైదరాబాద్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయారు, ఎప్పుడొస్తారో తెలీదు. నాయనమ్మ కాసేపు ఆలోచించి, ఆవిడ చరణం కూడా తనే పాడటానికి చూసింది, కుదరలేదు. "అది దాని గొంతుకే వస్తుందిరా" అని ఊరుకుంది.

ఫెస్ట్‌లో మీరు చూసిన సినిమాలో ఆ పాట సగంలో ఆగిపోతుంది. అది మేం కావాలని చేసిన ఎడిటింగ్ అని చాలామంది మెచ్చుకున్నారు. కాదండీ, మా దగ్గర ఉన్నది అంతే.

ఆ సగం పాట ఇప్పుడు మూడు చోట్ల ఉంది. పెద్దమ్మ ఊరికి రాగానే మిగతా సగం కోసం వెళ్తాను. ఈసారి రెండు మెమరీ కార్డులు పట్టుకుని.